ముగింపే ముందు రాసిన రిపోర్ట్

ప్రొఫెసర్ థాక్‌ని కొరియాలోని బుసాన్ చేపల మార్కెట్లో పట్టపగలు, నలుగురూ చూస్తుండగా చంపేశారు. బార్లీ టీలో విషం. ఏ రాతలో వాదం నిలుస్తుందో, ఏది కూలుతుందో తేల్చడంలో ఆయన్ని మించినవాడు లేడు. గూఢచారి ఏజెన్సీ పంపిన ఒక రహస్య రిపోర్ట్ మీద ఆయన ఆ రోజే అభిప్రాయం చెప్పాలి.

ఆ పని ఆయన శిష్యుడు, ఏజెంట్ ప్యో సొక్‌జిన్ మీద పడింది.

చీఫ్ మేంగ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. నగరానికి నీళ్లిచ్చే రిజర్వాయర్లో విదేశీ ముఠా విషం కలిపిందట. ఆ సంగతి రిపోర్ట్‌గా తెచ్చింది ఓక్ రేవన్, ముఠాలోకి చొరబడిన ఏజెన్సీ మనిషి. పట్టు స్కార్ఫ్, ఖరీదైన సెంటు, ఎదుటివాడికి ఊపిరాడనివ్వని నవ్వు. రిపోర్ట్ చెప్పినట్టే, జనాన్ని ఓడలెక్కించడానికి తూర్పు ఫెర్రీ టెర్మినల్‌కి రమ్మని అన్ని ఫోన్లకూ అలర్ట్ వెళ్లబోతోంది. మెసేజ్ సిద్ధంగా ఉంది. మీట నొక్కడమే తరువాయి.

ప్యో చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీలోనే ఆగి, వెనక్కి తిప్పి మళ్లీ చదివాడు.

జాలరి, డాక్టరు, డ్యామ్ కాపలాదారు అని ముగ్గురు సాక్షులు. ముగ్గురూ ‘వెండిలా మెరిసే మృత్యు నురగ’ అన్నారట. చేపలు పట్టేవాడు ఎక్కడైనా అలా మాట్లాడతాడా? డాక్టరు దగ్గరికి రోగులొచ్చింది సోమవారం, విషం కలిపింది మంగళవారం. గురువుగారిని చంపింది ఈ చెత్త కోసమా అనుకున్నాడు.

చీఫ్ మీట దగ్గరికి జరిగాడు.

“ఆగండి సార్,” అన్నాడు ప్యో. “నీళ్లు పాడైతే కుళాయి కట్టేస్తాం. టెర్మినల్‌కి ఎందుకెళ్లాలి? ఇన్ని పేజీల్లో దానికి ఒక్క కారణం లేదు.”

“మూడు సంస్థల ముద్రలున్నాయయ్యా.”

“ముద్రలు చూశారు. మాటలు చదివారా?”

చీఫ్ తల దించుకున్నాడు. పక్కనే నిలబడ్డ రేవన్ మెత్తగా అందుకుంది. “సార్, పాపం ఈయన్ని పెళ్ళాం వదిలేసింది. మనసు కుదురుగా లేదు. ఈయన మాట పట్టుకుని ఊరందరి ప్రాణాలు తీస్తారా?”

“వదిలేసిన మాట నిజమే,” అన్నాడు ప్యో. “దానికీ నీళ్లకీ ఏంటి సంబంధం? టెర్మినల్‌కి ఎందుకని అడిగాను. అది చెప్పు.”

రేవన్ స్కార్ఫ్ సర్దుకుంది. చీఫ్ మొదటిసారి ఆమె వైపు అనుమానంగా చూశాడు. ఆ చూపు చాలింది. రేవన్ ఒక్క ఉదుటున మీట మీదికి దూకింది. ప్యో ఆమెను ఆపలేదు. వంగి, గోడలోంచి ప్లగ్ పీకేశాడు. ఆమె వేలు మీట మీద పడేసరికి స్క్రీన్ నల్లబడింది.

టెర్మినల్లో జనం నిలబడే హాలు స్తంభాలకు చుట్టిన బాంబుల్ని స్క్వాడ్ మధ్యాహ్నానికల్లా విప్పేసింది. రేవన్‌ని బేడీలేసి తీసుకెళ్తుంటే ప్యో ముందు ఆగింది.

“మీ వాళ్లలో ఒక్కడూ చదవడని పందెం కాశాం,” అంది. “ముసలాయన చదువుతాడని తెలిసింది కాబట్టే టీ పోశాను.”

ప్యో బాత్‌రూంకి వెళ్లి ఆ రిపోర్ట్ పట్టుకున్న చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కున్నాడు.

తర్వాత వీధి చివర పంది మాంసం సూపు అమ్మే హోటల్లో కూర్చుని మంచినీళ్లడిగాడు.

“కుళాయి నీళ్లు తాగకు నాయనా,” అంది హోటలామె, గొంతు తగ్గించి. “విషం కలిపారంట. పెద్ద రహస్య రిపోర్టే బయటికి పొక్కిందంట, ఫోన్లో తిరుగుతోంది.”

“నువ్వు చదివావా పిన్నీ?”

“చదవడమెందుకు? అందరూ చెబుతుంటేనూ.”

ఆమె పొగలు కక్కుతున్న సూపు గిన్నె తెచ్చి ముందు పెట్టింది. అది ఏ నీళ్లతో కాచిందో అడగబోయి, ప్యో ఊరుకున్నాడు. ఆకలి దంచేస్తోంది.