ఆదివారం పిడికిళ్ళు

"బస్తా దించుండ్రి!"

రిక్షా ఆగింది. అందులోని అమ్మాయి కళ్ళు రెండూ గొడుగు కింది నుంచి, ఆపిన సదాశివను ఎగాదిగా చూశాయి. చిలకలగూడ మీద కురుస్తున్న వానంతా ఆ గొడుగును వదిలేసి అతన్నొక్కణ్ణే తడుపుతున్నట్టుంది.

"ఎందుకండీ?"

"పర్మిట్ లేకుండ బియ్యం తీస్కపోవద్దు. నేను రేషన్ ఇన్‌స్పెక్టర్‌ను."

"నేను టీచర్ని. పరిచయాలు అయిపోయాయిగా, ఇక వెళ్ళమంటారా?"

రిక్షావాడు కిసుక్కున నవ్వాడు. సదాశివ నవ్వలేదు. ఉద్యోగం కొత్త. నవ్వితే అధికారం జారిపోతుందని భయం. సైన్యం వచ్చి నిజాం రాజ్యం కూలిన కొత్తలు. ఊళ్ళో ప్రతివాడూ తన హోదా ఇంకా ఉందో లేదోనని తడిమి చూసుకుంటున్న రోజులు. అతనూ అంతే.

బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టాడు. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, ఎర్రబియ్యం, నూకలు, పురుగుపట్టినవి... అన్నీ కలగాపులగం.

"గిదేంది? ఇన్ని రకాలు ఏ దుకాణంల కొన్నరు?"

"దుకాణం కాదండీ, ఇళ్ళు. మా చర్చి ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఓ పిడికెడు తీసి దేవుడి పేరున వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చికొస్తుంది."

"దేవునికి రేషన్ కార్డు లేదు కద?"

"లేదనేగా మేం పెడుతున్నాం!"

అతను మీసం చాటున పెదవి కొరుక్కున్నాడు. "ఇప్పుడు యాడికి పోతున్నది?"

"సీతాఫల్‌మండి. మా బడి షెడ్లలో గొడవల్లో బీదర్ వైపు నుంచి పారిపోయి వచ్చిన ముసల్మాను కుటుంబాలున్నాయి. వచ్చి చూస్తారా, ఇక్కడే నన్ను అరెస్టు చేస్తారా? ఉన్నది ఒకటే గొడుగు. జైలు దాకా నడవాలంటే ఇద్దరికీ చాలదు."

విచారణ కోసమేనని తనకు తాను చెప్పుకుని, రిక్షా వెంట సైకిలు తొక్కాడు సదాశివ.

షెడ్లలో ఎక్కువమంది ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ. గోడ వైపు తిరిగి కూర్చున్నారు, ఎవరైనా చూస్తే మళ్ళీ లేచి పరుగెత్తాలేమో అన్నట్టు. అన్నం ఉడికింది. రకరకాల బియ్యం కదా, సన్నవి జావైపోయాయి, దొడ్డువి పలుకుల్లా మిగిలాయి. గరిటెడు అతని చేతిలోనూ వేసింది టీచరమ్మ.

"ఎలా ఉంది?"

"గట్లనే ఉన్నది," అన్నాడు, పలుకు నములుతూ.

"అబద్ధం. ఘోరంగా ఉంది. మీకు మొహమాటం కూడా ఉందన్నమాట!"

ఆ రోజు బస్తాను వదిలేశాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ విచారణకు వెళ్ళాడు. ఆ పై ఆదివారమూ వెళ్ళాడు. ఆమె పేరు మేబెల్ అనీ, వాళ్ళది బాపట్ల అనీ, తండ్రి జకర్యాగారు రైల్వే గుమాస్తా అనీ తెలిసింది. ఇవన్నీ బియ్యానికి సంబంధించిన వివరాలేనా అని అతని మనసు ఒకసారి అడిగింది. విధి నిర్వహణ మధ్యలో మాట్లాడకూడదని మనసును కసిరాడు. కోరికకు డ్యూటీ యూనిఫారం తొడిగి తిప్పడం మనిషికి ఎంత సులువో!

అంతలో ఆఫీసుకు ఫిర్యాదు అందింది. ఎవరో వీధి పెద్దలట. బడిలో బియ్యం దాస్తున్నారట, పైగా "ఆ మనుషులకు" పెడుతున్నారట. పై అధికారి సదాశివను పిలిచి, ఇక మీదట బస్తా కదిలితే స్వాధీనం చేసుకోమన్నాడు.

సాయంత్రం బడి దగ్గర ఆ మాట మేబెల్‌కు చెప్పాడు.

"వచ్చే ఆదివారం బస్తా తెస్తే నేనే పట్టుకోవాలె."

"పట్టుకోండి."

"మేబెల్..."

"టీచరమ్మ అనేవారు నిన్నటిదాకా." ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "వాళ్ళు పస్తుంటారు, మీ ఉద్యోగం నిలుస్తుంది. అంతేగా?"

ముఖం తిప్పుకుని లోపలికి వెళ్ళిపోయింది. దెబ్బలాడితే బాగుండుననిపించింది అతనికి.

ఇంట్లో తల్లి విజయమ్మ వడ్డించిన అన్నంలో వేళ్ళు పెట్టి, అలాగే కూర్చున్నాడు. వేడి ఆవిరి ముఖానికి తగిలింది. రూలు బియ్యానికుంది. అన్నానికి లేదు!

కానీ చర్చి ఇళ్ళు బన్సీలాల్‌పేట్ దాకా చెదిరి ఉన్నాయి. అంత దూరం నుంచి అన్నం మోసుకురాలేరు. వండాల్సింది దగ్గరున్న వీధి. అంటే తన వీధే.

"అమ్మా, ఆదివారం జెర ఎక్కువ వండుతవా?"

"ఎవలికి?"

చెప్పాడు. విజయమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"వాళ్ళకా? రజాకార్లు మా అన్న ఇల్లు కాలబెట్టిండ్రు. మరిచినవా?"

"మర్వలే. కాలబెట్టినోళ్ళు వేరమ్మా. షెడ్డుల ఉన్న ముసలోళ్ళు వేరు."

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. "నిజం చెప్పు. ఆకలైనోళ్ళ కోసమా, ఆ టీచరమ్మ కోసమా?"

టీచరమ్మ సంగతి వీధి వాళ్ళు అప్పటికే ఆమె చెవిన వేశారన్నమాట! అతను లోపల వెతికి చూసుకున్నాడు. అబద్ధమాడటానికి కూడా స్పష్టత దొరకలేదు.

"తెల్వదమ్మా. రెండూ ఒక్క జాగల్నే ఉన్నయి."

విజయమ్మ గరిటె గిన్నెలో పడేసి లేచి వెళ్ళింది. మర్నాటి నుంచి సదాశివ ఇంటింటి తలుపూ తట్టాడు. "చూద్దాం" అన్నారు కొందరు. కొందరు తలుపే తీయలేదు.

ఆదివారం మధ్యాహ్నమైంది. బడిలో పొయ్యి వెలగలేదు. జకర్యాగారు వరండాలో విస్తళ్ళు సర్ది, మళ్ళీ సర్దుతున్నారు. పిల్లలు గేటు వైపే చూస్తున్నారు.

"అన్నం తెస్తుందన్నారుగా, మీ వీధి ఏదండీ?" అంది మేబెల్.

"వస్తరు."

"మీరు నమ్ముతున్నారా?"

"లే. గని మీరు నమ్ముండ్రి. ఒక్కరన్నా నమ్మాలె గద."

కోపంగా ఉండాలనుకున్న ఆమెకు నవ్వు వచ్చేసింది. అప్పుడే గేటు కిర్రుమంది.

విజయమ్మ! నెత్తిన అన్నంతో నిండిన పెద్ద గంజు. వెనక పప్పు పట్టుకుని పక్కింటి పుష్పమ్మ, ఆ వెనక పచ్చిపులుసు గిన్నెతో ఎదురింటి సోమయ్య, ఇంకా వెనక మొన్న తలుపు తీయని ఇల్లాళ్ళూ.

"గట్ల జూస్తవేంది? దించు, నెత్తి కాలుతున్నది!" అని కొడుకును గదమాయించింది విజయమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "నేను ఎవల్నీ మాఫ్ జెయ్యలే. ఆకలి మీద నాకు పగ లేదు. గంతే," అంది.

వడ్డనలు షురూ అయ్యాయి. మేబెల్ అన్నం వేస్తుంటే సదాశివ పప్పు పోస్తున్నాడు. ఇద్దరి చేతులూ ఒకే విస్తరి మీద తగులుకుంటున్నాయి, తగలకుండా ఉండాలని ఇద్దరిలో ఎవరూ ప్రయత్నించడం లేదు. ఒక ముసలమ్మ తల పైకెత్తి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"యే తేరా దుల్హా హై క్యా, బేటీ?"

సదాశివ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏమంటున్నారు ఆమె? నాకు ఉర్దూ రాదుగా," అంది మేబెల్.

"ఏం లేదు... నేను... మీ పెండ్లికొడుకునా అని అడుగుతున్నది."

"మరి చెప్పండి, పాపం. ఎదురుచూస్తున్నారు."

"ఏమని చెప్పాలె?"

మేబెల్ గరిటెలోని అన్నం వైపు చూస్తూ, చాలా నెమ్మదిగా అంది. "ఇంకా కాలేదని చెప్పండి."

అతనికి వచ్చిన భాషలన్నీ ఒక్కసారిగా మరపున పడ్డాయి. వెనక నుంచి విజయమ్మ ముందుకు వచ్చి, ముసలమ్మ పక్కన గొంతుక్కూర్చుని, ఆమె విస్తట్లో ఇంకో ముద్ద పెట్టింది.

"అభీ నహీ హువా, అమ్మా. హోతా. తూ పేట్ భర్ కే ఖా."

ఇంకా కాలేదు, అవుతుంది, నువ్వు కడుపునిండా తిను. ముసలమ్మ బోసినోటితో నవ్వి, విజయమ్మ తల నిమిరింది.

"ఏమిటమ్మాయ్, ఏమంటున్నారు వాళ్ళు?" అన్నారు వరండాలోంచి జకర్యాగారు.

"తర్వాత చెప్తాను నాన్నా!"

"తర్వాత ఎందుకు, అన్నా?" విజయమ్మ ఆయనకొకటి, తనకొకటి, రెండు విస్తళ్ళు పక్కపక్కనే పరిచింది. "వచ్చి కూసోండి. తినుకుంట మాట్లాడుదాం."