పసుపు కళ్ళ పిట్ట

ఆ అచ్చాఫీసు మేడమీది రంగుల గదికి చెడ్డపేరు. చీకటి పడితే అటు పిల్లి కూడా పోదనేవారు. మూసిన గదిలో దీపం వెలుగుతుందట... గ్లాసు నీళ్ళలో కుంచె కడిగే చప్పుడు — టింగ్, టింగ్ — వినిపిస్తుందట. ఇదంతా అక్కడ పుస్తకాలు కుట్టే మా మేనమామ చెప్పిందే. ఆయన మాటలు కోటలు దాటేవి గనక సగం నమ్మేవాణ్ణి కాదు. ఇది మాత్రం నమ్మాను, ఎందుకంటే చెబుతూ ఏడ్చాడు.

ఫోటోలు లేని రోజులవి. పిట్టల శాస్త్రం పుస్తకాల్లో గీతలే అచ్చయ్యేవి, రంగులు చేత్తో వేసేవారు. బల్ల చుట్టూ ఆరుగురు ఆడవాళ్ళు, మనిషికో రంగు. మచ్చు పటం ఎలా ఉంటే అలాగే వెయ్యాలి, వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఆ మచ్చు తయారుచేసేది పెద్దక్క. ఆఖరున కళ్ళు దిద్దేది ఆమె సొంత చెల్లెలు.

ఒకసారి, దూది కూరిన చచ్చిన పిట్ట ఒకటి వచ్చింది. చచ్చిన పిట్టకు కంటిరంగు నిలవదు. పట్టినవాడే దాని కాలికి కట్టే చీటీలో రాయాలి. ఆ చీటీ తడిసి అలుక్కుపోయింది. మళ్ళీ అడగడానికి నామోషీ వేసి, పెద్దక్క తనకు తోచిన పసుపు వేసేసింది.

"ఎరుపక్కా. ఏటి ఒడ్డున బతికున్నదాన్ని చూశాను," అంది చెల్లెలు.

"మచ్చులో ఉన్నది వెయ్యి."

వేసింది. మూడు వందల పుస్తకాలకూ వేసింది. పండితులు తప్పుపట్టారు — పసుపు కళ్ళుంటే అది వేరే జాతి పిట్టట. పుస్తకాలన్నీ తిరిగొచ్చాయి. యజమాని నిలదీస్తే పెద్దక్క, "కళ్ళు దిద్దేది మా చెల్లెలండీ," అంది. మచ్చు పటాన్ని ఆమె అప్పటికే పొయ్యిలో పడేసింది. చెల్లెలు అక్కవైపు ఒక్కసారి చూసి, కుంచె కడిగిపెట్టి వెళ్ళిపోయింది. ఆ చలికాలమే జ్వరంతో పోయింది.

దీపం సంగతి ఆ తర్వాతే మొదలైంది.

ఒక రాత్రి మామయ్య సూదుల డబ్బా మరిచిపోయి వెనక్కొచ్చాడు. మేడమీద వెలుగు... టింగ్. వెనక్కి తిరగబోయాడు. అయినా పగలంతా కోసిన కోతలు గుర్తొచ్చి మెట్లెక్కాడు — ఒక్కొక్కటే.

తలుపు సందులోంచి చూస్తే... చెల్లెలి కుర్చీలో ఎవరో వంగి కూర్చున్నారు. ముందు ఆ పిట్ట పటం. ఆ చెయ్యి పసుపును గీకి, కంటికి ఎరుపు దిద్దుతోంది.

ఆ మనిషి తలెత్తింది. పెద్దక్క.

"నువ్వా తమ్ముడూ..." అంది గుసగుసగా. "మొదట్లో ఈ కళ్ళు దిద్దడానికే వచ్చేదాన్ని. తర్వాత మీరంతా అనుకుంటుంటే విన్నాను, చెల్లెలు ఇక్కడ తిరుగుతోందని. అప్పట్నుంచీ దానికోసమే కూర్చుంటున్నా. అందరికీ కనబడుతోందటగా... నాకెందుకు కనబడదు? నామీద అంత కోపమా?"

మామయ్యకు అప్పుడర్థమైంది. అందరూ భయపడ్డ వెలుగు ఈమె దీపమే. ఆ ముక్క చెబితే ఈమెకు ఇక మిగిలేదేమిటి?

"నేను చూశానక్కా," అన్నాడు. "నీ వెనకే నిలబడుతుంది."

"కోపంగా ఉందా?"

"లేదక్కా... నువ్వు దిద్దే కన్ను చూస్తూ ఉంటుంది."

పెద్దక్క వెనక్కి తిరిగింది. ఆ ఖాళీ చోటును చాలాసేపు చూసింది. తర్వాత పటం ఎత్తి, అటువైపు చూపిస్తూ అడిగింది —

"ఈ ఎరుపు సరిపోయిందా... చూడవే."