బేరానికొచ్చిన చెల్లెలు

"అమ్మేదాన్ని దాచిపెడితే కొనేవాళ్ళు కలలో కనుక్కొని వస్తారామ్మా?" అంది వెన్న అమ్మే యంకమ్మ. వరలక్ష్మమ్మ గబుక్కున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "మెల్లగ మాట్లాడవే తల్లీ! గోడవతల శారదమ్మ ఉండాది..."

ఏమని చెప్పుకుంటుంది! బళ్ళారి బజారులో తాతలనాటి బట్టల అంగడి వాళ్ళది. ఆ గద్దె మీద కూర్చున్న భర్త రాజగోపాలయ్య ప్రత్తి ధరల మీద పందేలు కాసి, అంగడి కాస్తా పోగొట్టుకున్నాడు. ఆనాటి నుంచి మధ్యగది దాటి వీధి ముఖం చూడలేదు మహానుభావుడు! మిగిలింది ఇల్లొక్కటే. అదీ అమ్మితేగానీ గడవదు. అయితే అమ్ముతున్నట్టు వీధిలో ఒక్కరికీ తెలియకూడదట! పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టే ఉంది వ్యవహారం. కానీ పరువున్న ఇంటి ఇల్లాలు, పాపం, ఇంకేం చేస్తుంది?

చివరికి యంకమ్మే దారి చూపింది. తుంగభద్ర కాలువ నీళ్ళు కొత్తగా పారుతున్న కప్పగల్లు వైపు, గుంటూరు నుంచి వచ్చి భూములు కొన్న పున్నయ్య అనే రైతు ఉన్నాడు. పిల్లల చదువులకని పట్నంలో ఇల్లు వెతుకుతున్నాడు. అతని భార్య సరోజినీదేవి శ్రావణ శుక్రవారం పేరంటానికి వచ్చినట్టు వచ్చి, ఇల్లు చూసుకుని పోవాలని ఏర్పాటు.

సరోజినీదేవి వచ్చింది. వంటిల్లు, బావి, మిద్దె అన్నీ చూసింది. "గాలీ వెలుతురూ బాగున్నాయండీ. మావారితో చెబుతాను. ఇంకెవరికీ మాటివ్వకండి" అంది. వరలక్ష్మమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది! సరిగ్గా అప్పుడే, పిలవకుండానే లోపలికి వచ్చింది పక్కింటి శారదమ్మ.

"ఏంది వదినా! శుక్రవారం పూట ముత్తైదువ వస్తే నాకొక మాట చెప్పొద్దా? ఎవరీమె?"

వరలక్ష్మమ్మ నోటికి వచ్చింది అనేసింది. "మా... మా చిన్నమ్మ కూతురు. గుంటూరు తట్టు ఇచ్చినారు. నాకు చెల్లెలవుతుంది."

"అయ్యో, నీకు పుట్టింటోళ్ళు ఎవరూ లేరనుకుంటి కదా!" శారదమ్మ సంతోషంతో సరోజినీదేవి చేతులు పట్టుకుంది. "అక్కింటికి మొదటిసారి వచ్చిన ఆడపిల్లను సుమ్మనే, ఒట్టి చేతులతో పంపిస్తారా? వడిబియ్యం పోయాల్సిందే!" అంటూ పరుగున వెళ్ళి, తన ఇంటి నుంచే బియ్యం, ఎండుకొబ్బరి, రవికెగుడ్డ పళ్ళెంలో పెట్టుకొచ్చింది. ఈ ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటిందని ఆమెకెలా తెలుసు? ఆ పళ్ళెం అందుకుంటుంటే వరలక్ష్మమ్మ ప్రాణం చచ్చిపోయింది...

దోసెడు దోసెడుగా బియ్యం సరోజినీదేవి ఒడిలో పోసింది. నుదుట కుంకుమ పెట్టింది. సరోజినీదేవి కళ్ళ నుంచి నీళ్ళు టపటపా రాలాయి.

"మా అమ్మ పోయాక నా ఒడి నింపినవాళ్ళు లేరు అక్కయ్యగారూ! ఇంక ఈ ఇల్లు నేను కొనలేను... ఒడి కట్టుకున్న గడప నుంచి అక్కను సాగనంపి, అందులో నేను కాపురం పెడితే నా పిల్లలకు క్షేమమా? క్షమించండి!" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. ఆమెది తప్పనడానికి ఎవరికి నోరొస్తుంది!

శారదమ్మ వరలక్ష్మమ్మ వైపు తిరిగింది. "ఇల్లు అమ్ముతాండావా వదినా?"

వరలక్ష్మమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. ఎప్పుడూ గోల గోలగా మాట్లాడే శారదమ్మ ఆమె పక్కనే కూర్చుని, తగ్గిన గొంతుతో అంది. "అంగడి పోయినప్పుడే వీధికంతా తెలుసు. నువ్వు సిగ్గుపడతావని మేమే తెలియనట్టు ఉండాం. మా చిన్నాయన పంపాపతి పోయిన నెలలో ఇల్లు కావాలని నన్నే అడిగె! నువ్వు చెప్పకుండా నీ ఇంటి మాట నేనెట్లా ఎత్తేది? ఆయన యాడనో కొనేసినాడు... ఒక్క మాట చెప్పింటే ఏంపోయె వదినా!"

"నా నోటితో నేనే బంగారమట్లాంటి బేరాలు చెడగొట్టుకుంటి శారదా! అబద్ధానికి నీ బియ్యం కూడా పోయిస్తి..." వరలక్ష్మమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

మధ్యగది తలుపు కిర్రుమంది. రాజగోపాలయ్య బయటికొచ్చాడు. మాసిన గడ్డం, నలిగిన పంచె... ఆడవాళ్ళిద్దరినీ దాటుకుని తిన్నగా వీధి అరుగు మీదికి వెళ్ళాడు. ఎదురింటి వీరభద్రప్ప ఆయన్ను చూసి, మర్యాదకు చూపు తిప్పుకోబోయాడు.

"తల తిప్పుకోవద్దు వీరభద్రప్పా!" రాజగోపాలయ్య వీధంతా వినబడేలా అన్నాడు. "ఇల్లు అమ్ముతాండా. అంగడి పోగొట్టింది నేను. మా ఆమె తప్పు ఏమీ లేదు. కొనేవాళ్ళు ఎవరన్నా ఉంటే పిలుచుకొని రాప్పా!"

అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగిపోయారు. లోపల వరలక్ష్మమ్మ సిగ్గుతో కుంచించుకుపోయింది. ఇన్నాళ్ళూ దాచిందంతా వీధిలో పడింది కదా! కానీ ఆయన అక్కడ ఒంటరిగా నిలబడి ఉన్నాడు... కళ్ళు తుడుచుకుని లేచింది. తల ఎత్తలేకపోయినా, వెళ్ళి భర్త పక్కన నిలబడింది.