టాఫీ దించే వేళ

శుక్రవారం పొద్దున పదింటికి రోనా రెండు కిలోల పంచదార కొలిచి పెద్ద గిన్నెలో పోసింది. రేపు చర్చిలో అమ్మకం. సముద్రం ఒడ్డున ఉన్న ఆ బకీ ఊళ్ళో చర్చి అమ్మకమంటే ఉన్ని మేజోళ్ళూ, పాత పుస్తకాలూ, జామ్ సీసాలూ ఎవరెన్ని తెచ్చి పెట్టినా, తలుపులు తీయగానే జనం ఎగబడేది మాత్రం నెట్టాగారి టాఫీ బల్ల మీదికే. సరుకు చూస్తే ఏముంది? పంచదార, వెన్న, పాలు, చిక్కటి డబ్బాపాలు. చిత్రమంతా పాకంలోనే ఉంది.

నెట్టాగారి టాఫీ అని పేరేగానీ నెట్టా గరిటె పట్టుకుని పన్నెండేళ్ళయింది. కీళ్ళనొప్పులతో వేళ్ళు వంకర్లు పోయాయి. కలిపేదీ, చిలికేదీ, ముక్కలు కోసేదీ, పొట్లాలు కట్టేదీ ఆవిడ కూతురు రోనానే. నెట్టా పనల్లా కిటికీ పక్కన కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చోవడం, పాకం కుదిరిన క్షణాన "ఇక దించు" అనడం. వాసన పట్టి చెబుతుంది. పాల వాసన పోయి, వేగిన వెన్న వాసన తిరిగే క్షణం ఒకటుందట. ముందు దించితే బంక, ఆలస్యమైతే మాడు. నీళ్ళలో చుక్క వేసి చూసుకోవడం ఆ ఇంట్లో పరువు తక్కువ పని.

రోనా ఒక్కతే చేసింది ఒక్కసారే, ఇరవై ఏళ్ళ కిందట, తల్లి ఆస్పత్రిలో ఉన్నప్పుడు. అది గడ్డకట్టలేదు. నెట్టా ఇంటికొచ్చి, చర్చి ఆడవాళ్ళందరి ముందూ, "మా రోనా టాఫీ చేయలేదమ్మా, గోడలకి కాగితాలంటించే జిగురు చేసింది" అంది. అందరూ పడీపడీ నవ్వారు. రోనా కూడా నవ్వింది. మళ్ళీ ఎప్పుడూ తల్లి నోటి మాట లేకుండా గిన్నె దించలేదు.

తండ్రి పోయినప్పుడు "రెండేళ్ళు ఉండి వెళ్తానమ్మా" అని వచ్చింది రోనా. ఇరవై రెండేళ్ళయింది. తమ్ముడు కీత్ అబర్డీన్ నుంచి ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. "అమ్మ బాగుందా? సరే ఉంటా" అని పెట్టేస్తాడు, మహానుభావుడు. ఇప్పుడు రోనాకి నలభై తొమ్మిది. ఆర్క్నీ దీవుల్లో, స్ట్రోమ్‌నెస్ రేవులో చిన్న హోటలు నడిపే మిసెస్ ఫ్లెట్ దగ్గర నుంచి తొమ్మిది రోజుల కిందట ఉత్తరం వచ్చింది. వంటగది మొత్తం నీదే, మేడ మీద గది కూడా నీదే, ఈ శుక్రవారం, అంటే ఇవాళ, మధ్యాహ్నం పన్నెండులోగా చెప్పమని. ఇలాంటి ఉత్తరం ఇంకోటి రాదని రోనాకి తెలుసు. ఆ సంగతి తల్లికి చెప్పడానికే నోరు పెగలడం లేదు.

"ఏమే, వెన్న కరిగిందా?" కుర్చీలోంచి కేక.

"కరిగిందమ్మా."

"మంట తగ్గించు. పోయిన ఏడాది ఆ పక్కింటి డోలీనా పెద్ద మంట పెట్టి అడుగు మాడ్చింది. పైగా కాల్చిన రుచి అని చెప్పి అమ్మింది, సిగ్గులేని మనిషి."

"తగ్గించానమ్మా."

డబ్బాపాలు పోశాక ఇంక గరిటె ఆపడానికి లేదు. ఒక్క నిమిషం చెయ్యి తీస్తే అడుగంటుతుంది. కిటికీ బయట సముద్రం మీంచి మంచు కమ్ముకొచ్చి రేవు కనబడకుండా పోయింది. గోడ గడియారం పదకొండు కొట్టింది. పాకం బుడబుడలాడుతోంది. పాకం దించగానే చెప్పేస్తానని అనుకుంది రోనా. నిన్న బట్టలు ఆరేశాక చెప్పేస్తాననుకుంది. మొన్న భోజనం అయ్యాక అనుకుంది.

అప్పుడే ఫోన్ మోగింది. అది తల్లి కుర్చీ పక్క బల్ల మీదే ఉంటుంది.

రోనా గరిటె తిప్పుతూనే అరిచింది. "అమ్మా, ఎత్తకు! నేను చూస్తాను!"

"గరిటె వదిలేసా? పిచ్చా నీకు?" అని నెట్టా రెండు చేతులతో రిసీవరు ఎత్తింది. "హలో... నెట్టానండీ, వాళ్ళమ్మని... ఏ గదండీ?... ఓహో... పన్నెండులోగానా?... నంబరు రాసుకుంటానుండండి... చెబుతాను."

రిసీవరు పెట్టేసిన చప్పుడైంది.

"స్ట్రోమ్‌నెస్‌లో నీ గదికి కర్టెన్లు మారుస్తున్నారట" అంది నెట్టా. "నీలం కావాలా, ఆకుపచ్చ కావాలా అని అడుగుతోంది."

రోనా తల తిప్పలేదు. తిప్పడానికి లేదు. పాకం గిన్నె నిండా పొంగుతోంది. వీపు తల్లికి అప్పగించి గరిటె తిప్పుతూనే ఉంది.

"అమ్మా, చెబుదామనే..."

"ఎప్పుడు? ఓడ ఎక్కాకా? నేను నీకు అంత శత్రువునైపోయానా? పరాయిదాని నోట వినాలా నా కూతురి సంగతి?"

"నువ్వు ఇలా అంటావనే చెప్పలేదు."

"ఎలా అన్నాను? పోవద్దన్నానా? ఎప్పుడైనా నిన్ను పట్టుకుని ఆపానా?"

"ఆపక్కర్లేదు కదమ్మా నువ్వు!" రోనా గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నిట్టూరిస్తే చాలు. 'సరేలే, నా బతుకేదో నేను బతుకుతాను' అంటే చాలు. గ్లాస్గోలో బడి వంటపని వచ్చినప్పుడు అదే అన్నావు. ఆండ్రూ పెళ్ళి చేసుకుందామన్నప్పుడు మూడు రోజులు అన్నం మానేశావు. నేను ఇంట్లో ఉన్నానా అమ్మా? ఈ పొయ్యి ముందు పాతేసినట్టున్నాను!"

"ఔనే, నేనే నీ గొంతు కోశాను. చెప్పు, ఊరంతా వినేలా చెప్పు."

"ఇప్పుడు కూడా చూడు, నీతో గట్టిగా పోట్లాడదామన్నా వెనక్కి తిరగలేను. ఈ పాకం తిరగనివ్వదు."

రోనా చెయ్యి నొప్పెడుతోంది. పాకం రంగు తిరిగి తేనెరంగుకొచ్చింది. బుడగలు బరువుగా పగులుతున్నాయి.

"అమ్మా, అయిందా?"

జవాబు లేదు.

"అమ్మా! వాసన వచ్చిందా లేదా? మాడిపోతుంది!"

"నీ దారి నీకు తెలుసుగా" అంది నెట్టా. "నువ్వే దించుకో."

ఎంత మాట! రేపటి బల్ల, ఊరి వాళ్ళ ముఖాలు, ఆనాటి నవ్వు అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి రోనాకి. దించనా? ఇంకో క్షణం ఆగనా? కళ్ళలో నీళ్ళు నిండి గిన్నె కూడా సరిగా కనిపించలేదు. అయినా ఎప్పుడు గుడ్డ పట్టుకుందో, ఎప్పుడు మంట ఆర్పిందో, గిన్నె తడిబట్ట మీదికి దిగిపోయింది. దించాక చేయాల్సింది ఒక్కటే. చిలకడం. ఆపకుండా చిలకాలి, లేకపోతే గడ్డకట్టదు. రోనా పళ్ళు బిగించి చిలకసాగింది.

వెనక ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

"ఏడుస్తున్నావా?" అంది రోనా, చెయ్యి ఆపకుండానే.

"నాకు వాసన తెలియదే."

"ఏంటి?"

"నాలుగేళ్ళయింది. ఆ చలికాలం జ్వరమొచ్చి మంచాన పడ్డాను చూడు, అప్పట్నుంచి. టీ వాసన లేదు, సబ్బు వాసన లేదు, నువ్వు తెచ్చే పూల వాసన లేదు. ఏదీ లేదు."

"మరి ప్రతిసారీ దించమని ఎలా చెప్పావు?"

"నీ భుజం చూసి. పాకం దగ్గరపడగానే నీ కుడి భుజం దిగుతుంది, ఊపిరి బిగపడతావు. అది చూసి 'దించు' అంటాను. నాలుగేళ్ళుగా నీ వీపు చూసే చెబుతున్నాను. నీకు ఎప్పుడో వచ్చేసిందే రోనా ఈ పని. ఇవాళ నోరు మూసుకుని కూర్చున్నాను, నువ్వు తడబడతావని, నన్ను బతిమాలతావని. భుజం దిగింది. దించేశావు."

గరిటె ఒక్క క్షణం ఆగింది.

"ఆపకు! చిలుకు!"

రోనా చిలికింది. "ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఈ ఇంట్లో నేనెందుకు? చేతులు పోయాయి. ముక్కు కూడా పోయిందంటే, కుర్చీలో దుప్పటికీ నాకూ తేడా ఏముంది?"

ఆ మాట వెంటే రోనాకి ఇంకో ఆలోచన తోసుకొచ్చింది. "గ్యాసు! గ్యాసు లీకయితే నీకు తెలియదు. నాలుగేళ్ళుగా నేను బజారుకెళ్ళినప్పుడల్లా ఒక్కదానివే... ఇంక ఎక్కడికి వెళ్తాను నేను? అయిపోయింది. అంతే."

"ఇదిగో, ఇదీ!" నెట్టా కర్ర నేల మీద కొట్టింది. "ఈ మాట అంటావనే తర్వాత తర్వాత చెప్పలేదు. మొదట నా గొప్ప కోసమే దాచాను, అబద్ధమెందుకు. కానీ పోను పోను, నీకు తెలిస్తే చర్చికి కూడా వెళ్ళవని దాచాను. ఇరవై రెండేళ్ళు నిట్టూర్పులతో కట్టేశాను నిన్ను. ఇప్పుడు పనికిరాని ముక్కుతో ఇంకో ఇరవై ఏళ్ళు కట్టేయనా?"

"ఇందాక తిట్టావుగా!"

"భయమేసి తిట్టానే! నువ్వు లేని ఇల్లు తలుచుకుంటే భయం కాదూ? భయపడితే భయపడతాను. అది నా బాధ. గ్యాసు తీయించెయ్, కరెంటు పొయ్యి పెట్టించు. డోలీనా పొద్దునా సాయంత్రం వచ్చి చూసిపోతుంది. అడుగు మాడుస్తుందిగానీ మంచి మనిషే. ఆ కీత్‌గాణ్ణి నెలకోసారి రమ్మని నేనే చెబుతాను."

రోనాకి దుఃఖం ఆగలేదు. చిలుకుతూనే వెక్కివెక్కి ఏడ్చింది. చిలుకుతుండగానే గరిటె కింద గరగరమని చప్పుడు మొదలైంది. మెరుపు పోయి పాకం ముసురు పట్టినట్టు మందంగా మారింది. గడ్డకడుతోంది.

వెనకాల నంబరు నొక్కుతున్న చప్పుడు. వంకర వేళ్ళతో ఒక్కొక్క అంకె, తప్పుపోయి మళ్ళీ మొదటి నుంచి.

"అమ్మా, ఎవరికి?"

నెట్టా చెయ్యెత్తి ఆగమంది.

"మిసెస్ ఫ్లెట్‌గారా? నెట్టానండీ, రోనా వాళ్ళమ్మని. వస్తోందండీ మా అమ్మాయి. వచ్చే నెల మొదట్లో... లేదండీ, ఫోన్ దగ్గరికి రాలేదు, చేతులు ఖాళీ లేవు. టాఫీ చేస్తోంది... ఆఁ, అదేనండీ, ఊరంతా చెప్పుకునేది. తనే చేస్తుందండీ, మొదట్నుంచి చివరిదాకా తనే."

అవతలి మనిషి ఏదో అడిగినట్టుంది. నెట్టా రోనా వీపు వైపు చూసి, గొంతు సవరించుకుంది.

"నేనా? నేను ఊరికే కూర్చుని చూస్తుంటానండీ."