మొదటి తప్పు వెనకాల

“నోరు తెరు.”

గుటక నోరు తెరిచాడు. డెంటిస్టు కోటు తొడుక్కున్న పెద్దాయన అతని దవడపన్ను మీద ఏదో పెట్టి పట్టకారుతో బిగించాడు. దేశంలోని గూఢచారులందరికీ బాస్ ఈయనే. ఊళ్లో జనం మాత్రం పళ్ల డాక్టరనే అనుకుంటారు. కొందరు పాపం పళ్లు పీకించుకుని వెళ్తారు కూడా.

“ట్రాన్స్‌మిటర్. నువ్వు గొణిగినా అవతలికి వినబడుతుంది. అవతలి మాట నీ దవడలో మోగుతుంది.”

“అవతల ఎవరండీ?”

“మీ చెల్లెలు.”

అతను గుటక మింగాడు. భయమేసినప్పుడల్లా మింగుతాడు కాబట్టే ఆ పేరు. భయం వెయ్యని రోజంటూ లేదు కాబట్టి అసలు పేరు శాఖలో అందరూ మర్చిపోయారు.

“ఆవిడ రాసిన వాలిడేషన్ లైబ్రరీ సంగతి తెలుసుగా?”

తెలుసు. పుస్తకాల లైబ్రరీ కాదది, వేరే ప్రోగ్రాములు తెచ్చి కలుపుకొనే కోడ్. డేటా ఇస్తే తనిఖీ చేసి ఏది సరైనదో, ఏది తప్పో, ఆ తప్పు ఎక్కడుందో రిజల్ట్ చేతిలో పెడుతుంది. రెండు కొండల మధ్య నడిచే రోప్‌వే దాన్నే నమ్ముకుంది. కేబిన్ బరువు, గాలి వేగం, తలుపు గడియ, కేబిన్‌ను తాడుకు బిగించే క్లాంపు పట్టు, అన్నీ చూసి అది సరేనంటేనే కేబిన్ కదులుతుంది.

“అందులో దొంగదారి పెట్టమని తేలు ముఠా ఆవిడకి బేరం పెట్టింది. విదేశీ గ్యాంగ్. ఆవిడ పొమ్మంది. కానీ వచ్చినవాళ్ల మొహాలు చూసింది. ఇవాళ అవతలి కొండ మీద విచారణ కమిషన్ ముందు వాళ్ల గుట్టు విప్పుతుంది. కొండచరియలు పడ్డాయని రోడ్డు మూసేశారు. రోప్‌వే ఒక్కటే దారి.”

“అంటే మా చెల్లి లోయ మీద, గాల్లో...”

“వాళ్లకి అంతకన్నా మంచి చోటు దొరకదు. కంట్రోల్ రూమ్‌లో మన మనిషి ఉంది, సేఫ్టీ ఆఫీసర్‌గా. కోడ్ నేమ్ సెంటు. నువ్వు ఏసీ మెకానిక్ వేషంలో వెళ్లు.”

“నాకు భయంగా ఉందండీ.”

“అందుకే నిన్ను పంపుతున్నా. ధైర్యం ఉన్నవాళ్లు ఒకసారి చూసి వచ్చేస్తారు.”

కంట్రోల్ రూమ్ కొండ అంచుకు అతికించినట్టుంది. కిటికీలోంచి కిందికి చూస్తే నేల కనబడలేదు. గుటక రెండోసారి చూడలేదు. భుజాన ఏసీ గ్యాస్ సిలిండరు. అందులో ఉన్నది మాత్రం శాఖ ల్యాబ్‌లో తయారైన పొగ. ఒక్క పీల్పుకు మనిషి బోర్లా పడతాడని చెప్పారు. తనకే తగులుతుందేమోనని దారి పొడుగునా ఊపిరి బిగబట్టుకునే వచ్చాడు.

మనిషికన్నా ముందు పరిమళం ఎదురొచ్చింది. నీలం కోటు, చెవులకు ముత్యాలు, చూస్తే చూపు తిప్పుకోలేని నవ్వు.

“ఫిల్టరు కడిగి ఎన్నాళ్లయిందండీ?” అన్నాడు గుటక, కోడ్ ప్రకారం.

“కడిగే చెయ్యి కోసమే చూస్తున్నాం,” అంది సెంటు. కోడ్ సరిపోయింది. గొంతు తగ్గించి, “అన్నీ చెక్ చేశాను. నిశ్చింతగా ఉండు,” అంది.

నిశ్చింత అన్న మాట వింటేనే గుటకకు ఇంకా భయం. ఏసీ మూత విప్పి లోపల తల దూర్చాడు.

బయట మొదటి గంట మోగింది. ప్రయాణికులు కేబిన్‌లో కూర్చోవాలి. ప్రయాణికులంటే ఇవాళ ఒక్కతే.

“అన్నయ్యా, ఎక్కాను.” దవడలో చెల్లెలి గొంతు. “ఇక్కడ లైటు కూడా వెలగట్లేదు. నువ్వున్నావుగా?”

“ఉన్నానమ్మడూ.”

రెండో గంట మోగింది. కేబిన్ తలుపులు వాటంతటవే లాక్ అయ్యాయి. తనిఖీ ముగిసి రిజల్ట్ వచ్చేదాకా వాటిని ఎవరూ తెరవలేరు.

రోప్‌వే ఆపరేటర్ తనిఖీ మీట నొక్కాడు. పెద్ద బొజ్జ, అంతకన్నా పెద్ద ఆవులింత. స్క్రీన్ మీద పసుపు రంగులో ఒకే ఒక్క లైను వచ్చింది. డ్యూటీ సిబ్బంది ఫోన్ నంబర్ లేదు. దాని పక్కన ‘మినహాయింపు’ అని బటన్.

“రోజూ ఇదేనా సార్?” అడిగాడు గుటక.

“రోజూ ఇదే. ఆ గడి ఎవడు నింపుతాడయ్యా! మినహాయింపు కొట్టేస్తాం. ఇదివరకైతే చేంతాడంత లిస్టు వచ్చేది, చదవలేక చచ్చేవాళ్లం. ఈ మేడమ్ వచ్చి అప్‌డేట్ చేయించాక హాయిగా ఉంది.”

గుటక మళ్లీ ఏసీలో తల దూర్చాడు. “అమ్మడూ, ఒక్క తప్పే వచ్చింది. ఫోన్ నంబర్ లేదట.”



“ఒక్కటే ఎలా వస్తుంది అన్నయ్యా? లైటు పోయింది కదా! కనీసం రెండు రావాలి.” ఆమె గొంతు సన్నబడింది. “నేను రాసింది తప్పులన్నీ ఏరి ఒకేసారి చూపిస్తుంది. ఎవరో మార్చేశారు. మొదటి తప్పు దొరకగానే ఆగిపోతోంది. తర్వాతవి చూడనే చూడట్లేదు. దాని వెనకాల ఏం దాచారో! మినహాయింపు కొట్టనివ్వకు. కొడితే కేబిన్ వదిలేస్తుంది.”

గుటక వెనక్కి తిరిగేసరికి ఆపరేటర్ వేలు బటన్ మీదకు వెళ్తోంది. సెంటు అతని కుర్చీ వెనకే నిలబడి ఉంది.

“సార్, సార్! నా నంబర్ వేసుకోండి. నాకు ఫోన్ చేసే దిక్కే లేదు.”

ఆపరేటర్ పకపకా నవ్వాడు. “అలాగే చెప్పు, పోయేదేముంది!”

సెంటు నవ్వలేదు. “టైమ్ లేదు. మినహాయింపు కొట్టండి.”

అప్పటికే అతను నంబర్ కొట్టేశాడు. పసుపు లైను పోయి ఇంకో పసుపు లైను వచ్చింది. కేబిన్ లైటు పనిచేయడం లేదు.

“అరె, ఇదెక్కడిది? ఇందాక లేదే!” అన్నాడు ఆపరేటర్.

సెంటు కోటు జేబులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది. ఆపరేటర్ చేతులు పైకెత్తాడు. గుటక చేతులు అంతకుముందే పైన ఉన్నాయి.

“మీరు... మీరు మన మనిషి కదండీ?”

“రెండు వైపులా జీతం తీసుకునే మనిషిని. అన్నీ పచ్చగా చూపించొచ్చు, కానీ అనుమానం వస్తుంది. ఒక పిచ్చి తప్పు చూపించామనుకో, దాని వెనక ఏముందని ఎవరూ అడగరు.” వంగి, ఎడంచేత్తో మినహాయింపు నొక్కింది.

మూడో గంట మొదలైంది. అది ఆగగానే చక్రం తిరుగుతుంది. ఎమర్జెన్సీ బ్రేకు ఉంది కానీ, అది కేబిన్ కదిలాకే పనిచేస్తుంది.

“అన్నయ్యా! గంట మోగుతోంది! ఏం చేస్తున్నావ్?”

ఏం చేస్తున్నాడో గుటకకే తెలియదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని సిలిండరు వాల్వు తిప్పాడు. గది తెల్లబడింది. పిస్టల్ పేలింది. పైకప్పు పెచ్చులు అతని నెత్తిన పడ్డాయి. సెంటు, ఆపరేటర్ దబ్బున బోర్లా పడ్డారు. తను చచ్చాడనే అనుకున్నాడు, కానీ దవడలో చెల్లెలు ఇంకా అరుస్తోంది.

“లైటు గడిలో ఒకటి అంకె కొట్టు! బాగైందని! ఏ గడి మారినా మళ్లీ చెక్ చేస్తుంది!”

ఊపిరి బిగబట్టి కీబోర్డు మీద పడ్డాడు. పొగలో కీలు కనబడవు.  “అమ్మడూ, నాకు భయంగా ఉంది,” అన్నాడు, ఉన్న కాస్త ఊపిరీ పోగొట్టుకుంటూ.

“నాకూ భయంగానే ఉంది. అంకెల వరసలో ఎడమ చివర నుంచి రెండోది. తడుముకో.”

తడిమాడు. నొక్కాడు.

స్క్రీన్ ఎర్రబడింది. క్లాంపు పట్టు: సున్నా. ఆ లైను పక్కన మినహాయింపు బటనే లేదు. గంట మధ్యలోనే ఠక్కున ఆగింది. కింద కేబిన్ తలుపులు తెరుచుకున్న చప్పుడు దవడలో వినిపించింది. గుటక కిటికీ తెరిచి, లోయలోకి చూస్తూనే గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

చెల్లెలు మెట్లెక్కి పరుగున వచ్చింది. దిగి చూస్తే క్లాంపు బోల్టులు ఒక్కటీ లేవని, అడుగు కదిలి ఉంటే కేబిన్ తాడు మీంచి జారిపోయేదని చెప్పాలనుకుంది. దానికి బదులు అన్న భుజం మీద నాలుగు బాది, ఆ భుజం మీదే ఏడ్చింది. గుటక కూడా ఏడ్చాడు. సిగ్గుపడలేదు.

గార్డులు వచ్చి, తూలుతున్న సెంటు చేతులకు బేడీలు వేశారు. ఆపరేటర్ మొహం మీద నీళ్లు చల్లి లేపారు. చెల్లెలు ముక్కు చీదుకుని, ల్యాప్‌టాప్ తెరిచి, తన పాత కోడ్ తిరిగి ఎక్కించి తనిఖీ మొదలుపెట్టింది.

ఈసారి చేంతాడంత లిస్టే వచ్చింది. లైటు, క్లాంపు, అరిగిన బ్రేకు ప్యాడ్లు, బిగుసుకోని కిటికీ... చెల్లెలు పైనుంచి కిందిదాకా వదలకుండా చదివి, అట్టడుగు లైను దగ్గర ఆగింది. ఆపరేటర్ లైసెన్సు: గడువు ముగిసి మూడేళ్లు.

అందరూ అతని వైపు తిరిగారు. అవతలి స్టేషన్ నుంచి లైసెన్సున్న ఆపరేటర్, కొత్త కేబిన్ వస్తేగానీ చెల్లిని ఎక్కనివ్వనని గుటక గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు.

ఆపరేటర్ బుర్ర గోక్కున్నాడు. బేడీలతో గుమ్మం దగ్గర నిలబడ్డ సెంటు వైపు తిరిగి నిట్టూర్చాడు.

“ఏమాటకామాటే చెప్పుకోవాలి మేడమ్. ఉద్యోగాలకి మీ అప్‌డేటే మంచిది.”