కొంగు మీది ఊరు

గిరి కనబడకుండా పోయి రెండు రాత్రులు గడిచాయి.

మంగళవారం ఉదయం ఏడింటికే ధర్మవరం పోలీస్ స్టేషన్‌లో సెగ మొదలైంది. ఎస్.ఐ. సుధారాణి బల్ల మీద ఖాళీ లేదు. అన్నీ మ్యాపులే.

ఎవరి పొలం ఎక్కడ ఆగుతుందో చెప్పే గ్రామ నక్షలు. గుట్టల ఎత్తుపల్లాలను గోధుమరంగు గీతల్లో చూపించే టోపోషీటు. ల్యాప్‌టాప్‌లో శాటిలైట్ ఫొటో. సెల్ టవర్ల మ్యాపు. ఆదివారం మధ్యాహ్నం 2.40కి గిరి ఫోన్ చివరిసారి పలికింది పెనుకొండ టవరుకేనని చెప్పింది ఆ మ్యాపే. కానీ టవరు చుట్టూ మైళ్ళకొద్దీ రాళ్ళూ గుట్టలే. ఏ మూలని వెతకాలి?

"టీ గ్లాసు పెట్టేదానికి కూడా జాగా లేదు మేడం," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ హనుమంతు.

"నెత్తిన పెట్టుకో."

ఆమె కళ్ళు వాటన్నిటి పైన పరిచి ఉన్న ఇంకో కాగితం మీదే ఉన్నాయి. గిరి గదిలో దొరికిన గ్రాఫ్ కాగితం. దాని మీద రెండు గుట్టలు. మధ్యన బాట. బాటకు ఎడమ పక్క బావి. కుడి పక్క ఒక నిలువు రాయి, దాని దగ్గర మూడు చెట్లు. చిన్న చిన్న గళ్ళు నింపుతూ గీసిన మ్యాపు. ఊరి పేరు మాత్రం ఎక్కడా లేదు.

గిరి పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. "వాడి చేతికి ఎప్పుడూ దొరికే కాగితం అదే మేడం," అన్నాడు మగ్గాల యజమాని సంజీవప్ప. గ్రాఫ్ మీద మ్యాపు ఎందుకని ఎవరూ మళ్ళీ అడగలేదు.

గిరిని ఆఖరున చూసినవాడు మనోజ్. చీరల బ్రోకర్. ధర్మవరం చీరలు హిందూపురం అంగళ్ళకు వేసి వస్తుంటాడు. గిరి గదికీ వస్తూ పోతూ ఉంటాడు. సోమవారం పొద్దున్నే తనంతట తానే స్టేషన్‌కు వచ్చి స్టేట్‌మెంట్ ఇచ్చాడు. రెండు అరచేతులకూ గుడ్డ కట్టుంది.

"చేతులకేమయింది?"

"బైకు సైలెన్సర్ కాలింది మేడం."

"ఆదివారం ఏం జరిగింది?"

"నేను హిందూపురం పోతాంటే లిఫ్ట్ అడిగె. పెనుకొండ దాటినాక ఒక మట్టిదోవలో రెండు గుట్టల కాడ దింపితి. ఎదురుగా నిలబడి చూస్తే ఎడం పక్క బావి, కుడి పక్క ఒక రాయి కనబడె. బావి దిక్కుకు నడిచిపోయినాడు. నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తి."

"ఏ మట్టిదోవ?"

"గుర్తు లేదు మేడం. ఆ పక్క అన్నీ ఒకే మాదిరుంటాయి."

కాగితం ఒక మాట చెప్పింది. మనిషీ అదే మాట చెప్పాడు. సుధారాణి నమ్మింది. శాటిలైట్ ఫొటోలో గాలిస్తే అచ్చం అలాంటి చోటే ఒకటి దొరికింది. సోమవారమంతా ఉన్న రెండు జీపులూ అక్కడే. తాళ్ళు దించారు. కుక్కను తిప్పారు. బావిలో పగిలిన సీసాలు తప్ప ఏమీ లేవు.

స్టేషన్ మెట్ల మీద గిరి తల్లి సిద్ధమ్మ కూర్చునే ఉంది. ఒళ్ళో నీళ్ళ బాటిల్. మూత కూడా తియ్యలేదు.

"తాగమ్మా. పడిపోతావు," అంది సుధారాణి.

"వానికి ఎవరిచ్చినారు తల్లీ నీళ్ళు?"

ఈ ఎండలో నీళ్ళు లేకుండా ఇంకెంతసేపు? ఆ లెక్క వేయడానికి సుధారాణికే భయంగా ఉంది.

సోమవారం సిద్ధమ్మ ఒక మాట అంది. "మా పాత ఊరికి పోయినాడేమో తల్లీ. కానుగమాకులపల్లి. బోర్లెండిపోయి అందరమూ వదిలేసి వస్తిమి. ఆ దినం నేను వెనక్కి తిరిగి చూడలా. చూస్తే కాళ్ళు కదలవని."

"ఆ పాడుబడిన గోడల కాడ ఏముండాది పెద్దమ్మా? దోవ కూడా లేదు," అన్నాడు పక్కనే ఉన్న మనోజ్.

సుధారాణి గ్రాఫ్ చూపించింది. "ఇదేనా మీ ఊరు?"

సిద్ధమ్మ చాలాసేపు చూసింది. వేలితో గుట్టల్ని తడిమింది. "మా ఊరి మాదిరే ఉండాది. మా ఊరు కాదు. ఊర్లోకి పోతాంటే మా బావి కుడిపక్క. ఈడ ఎడంపక్క ఉండాది."

ఆ ఊరి మనిషే కాదంటే ఇంకేముంది? ఆ ఊరిని పక్కన పెట్టేశారు.

* * *

పదింటికి సుధారాణి సంజీవప్ప మగ్గాల షెడ్డుకు వెళ్ళింది. పోయిన వారం గిరికీ అతనికీ గొడవైందని ఎవరో చెప్పారు.

"ఎందుకు గొడవ?"

"సొంతానికి ఒక చీర నేయించుకుంటా, మగ్గం ఇయ్యన్నా అనె. పెండ్లి ఆర్డర్లు నెత్తిమీద ఉండాయి, ఇప్పుడు కాదంటిని. అంతే మేడం. దానికే చంపుతారా ఎవరన్నా?"

"చంపారని నేను అనలేదే."

సంజీవప్ప నాలుక కరుచుకున్నాడు. "మనసు కీడే తలుస్తాది మేడం ఇట్లాంటప్పుడు."

"ఎవరికోసం ఆ చీర?"

"అడిగితే నవ్వినాడు. చెప్పలా."

మూల మగ్గం దగ్గర ఈరక్క నేత ఆపింది. చేతిలో చిన్న అద్దం. దాన్ని చీర కిందకు పోనిచ్చి, వంగి చూస్తోంది.

"అద్దం ఎందుకక్కా?"

"బొమ్మ కిందిపక్క పడతాది మేడం. పైన మాకు కనబడేది వెనకపక్క. సరిగ్గా పడిందో లేదో అద్దంలో చూసుకుంటాం."

సుధారాణి వంగింది. కొంగు అంచున జరీతో పెళ్ళికూతురి పేరు. పైన చూస్తే తలకిందులు కాదు గానీ, కుడి ఎడమైంది. ఒక్క అక్షరం చదవలేకపోయింది. ఈరక్క అద్దాన్ని పైకి తీసి పేరు పక్కన నిలబెడితే, అందులో చక్కగా చదవగలిగింది.

"ఈ పేరు గ్రాఫ్ మీద గీసిందెవరు?"

"మా గిరే."

"తిప్పి గీస్తాడా?"

"తిప్పి గీస్తేనే కదా మేడం, కట్టుకునే పక్క సరిగ్గా పడేది!"

సుధారాణి వెంట తెచ్చిన గిరి గ్రాఫ్ కాగితం బయటికి తీసింది.

"హనుమంతూ! సిద్ధమ్మనూ మనోజ్‌నూ ఇక్కడికి తీసుకురా. జీపు ఇంజన్ ఆపొద్దు. పెనుకొండ ఫైర్ స్టేషన్‌కు, అంబులెన్స్‌కు ఫోన్ చెయ్. కానుగమాకులపల్లి అని చెప్పు."

"ఆ ఊరు ఫోన్ మ్యాపులో లేదు మేడం."

"గ్రామ నక్షలో ఉంది. జనం లేకపోయినా నక్షలో ఊరు చావదు. ఫొటో తీసి పంపు."

పది నిమిషాల్లో ఇద్దరూ వచ్చారు. సుధారాణి గ్రాఫ్‌ను మగ్గం మీద పరిచింది. ఈరక్క అద్దాన్ని దాని పక్కన నిలబెట్టింది.

"అమ్మా, కాగితం చూడొద్దు. అద్దంలో చూడు."

సిద్ధమ్మ వంగింది.

"మా బావి," అంది. అద్దం మీద వేలు జరిపింది. "పోలేరమ్మ రాయి. కానుగ మాకులు. తల్లీ, ఇది మా ఊరే. నిన్న నా నోటితో నేనే కాదంటినే!"

"ఇది మ్యాపు కాదమ్మా. చీర కొంగు. నీకోసం నీ ఊరిని కొంగు మీద వేయాలనుకున్నాడు. మగ్గానికి కాబట్టి తిప్పి గీశాడు. గీసింది సరిపోయిందో లేదో చూసుకోవడానికే ఆదివారం అక్కడికి వెళ్ళాడు."

ఆమె మనోజ్ వైపు తిరిగింది.

"రెండు గుట్టల ముందు నిలబడి కళ్ళారా చూశానన్నావు. బావి ఏ పక్క?"

"ఎడం పక్క... అదే కదా మేడం కాగితంలో..."

"కాగితంలో ఎడమే. నేల మీద కుడి. కంటితో చూసినవాడు కుడి అంటాడు. గ్రాఫ్ చూసి అల్లినవాడు ఎడమ అంటాడు. వాడి గదిలో ఈ గ్రాఫ్ చూశావు. నువ్వు గిరిని తీసుకెళ్ళిన ఊరికీ దీనికీ పోలిక లేదనుకున్నావు. మమ్మల్ని తప్పుదోవ పట్టించడానికి పనికొస్తుందని అదే చెప్పావు. నువ్వు దాచాలనుకున్న చోటే అందులో ఉందని నీకు తెలియలేదు. చీరలు అమ్ముతావు గానీ మగ్గం మీద ఎప్పుడూ కూర్చోలేదు."

"మేడం, నాకేమీ..."

"సైలెన్సర్ కాలితే పిక్క కాలుతుంది. రెండు అరచేతులూ ఒకేసారి ఎట్లా కాలతాయి? కట్టు విప్పు."

మనోజ్ విప్పలేదు. హనుమంతు విప్పాడు. రెండు అరచేతుల్లోనూ అడ్డంగా, తాడు ఒరుసుకుపోయిన ఎర్రటి చారలు.

"బతికున్నాడా?" అంది సిద్ధమ్మ. అరవలేదు. చాలా మెల్లగా అడిగింది. "అది ఒకటి చెప్పబ్బా. ఇంకేమీ అడగను."

మనోజ్ ఆమె వైపు తిరిగాడు.

"బావి గూట్లో పాతకాలం సొత్తు దాచినారని విన్నా పెద్దమ్మా. తాడు పట్టుకుంటా, దిగి చూడరా అంటి. నవ్వుతా దిగినాడు. రాళ్ళు ఊడి వానిమీద పడె. తాడు చేతుల్లోంచి జారిపోయె. పిలిస్తే పలకలా. చచ్చిపోయినాడనుకొని..."

"వంగి చూశావా?"

"లేదు. ఉరికొస్తి."

సుధారాణి ఆగలేదు. అప్పటికే జీపు వైపు పరుగెడుతోంది.

* * *

మట్టిదోవ ఒకచోట ముళ్ళకంపల్లో కలిసిపోయింది. జీపు దిగి నడిచారు. నిన్న ఒక్క జీపును ఇటు పంపి ఉంటే! ఆ మాట సుధారాణి గుండెలో ముల్లులా తిరుగుతూనే ఉంది. సిద్ధమ్మ అందరికంటే ముందుంది. కూలిన గోడల మధ్య, ఒకప్పుడు ఇల్లు ఉన్న చోటును కూడా చూడకుండా, నేరుగా కుడివైపు తిరిగింది.

"గిరీ!"

బావిలోంచి ఆమె కేకే తిరిగి వచ్చింది.

"ఒరే గిరీ! మీ అమ్మను రా!"

ఏమీ లేదు. ఫైర్ వాళ్ళు తాడు బిగిస్తున్నారు. హనుమంతు టోపీ తీసేశాడు. సుధారాణి అతని చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపింది. "పెట్టుకో. ఇంకా తియ్యొద్దు."

అప్పుడు వినబడింది. రాయి మీద రాయి. ఒక దెబ్బ. ఆగి, ఇంకొకటి.

పైకి తెచ్చేసరికి గిరి పెదాలు పగిలి నల్లబడ్డాయి. ఎడమ కాలు వంకరపోయింది. బావి అడుగున చెమ్మ ఉంది. ఆ బురదలో చొక్కా అద్ది పిండుకుని నాలుక తడుపుకున్నాడట. సిద్ధమ్మ బాటిల్ మూత తీసింది. మూతతోనే కొంచెం కొంచెం పోసింది.

వాడి కళ్ళు తెరుచుకున్నాయి. తల్లిని చూశాడు. చుట్టూ పోలీసుల్ని చూశాడు.

"నీకు... ఎట్లా తెలిసె... నేనీడున్నట్టు?"

"నీ బొమ్మ చూసి."

గిరి మొహం చిన్నబోయింది. "చూసేస్తివా? నేసేదాకా నీకు చూపకూడదనుకుంటినే."

సిద్ధమ్మ వాడి నుదుటి మీది మట్టి తుడిచింది. అప్పుడు మొదటిసారి తలెత్తి ఊరి వైపు చూసింది. మొండిగోడలు, గుట్టలు, రాయి, మూడు కానుగ మాకులు. కాళ్ళు కదలలేదు.

"అంతా సరిగ్గానే గీసినావురా నాయనా," అంది. "నేనే తిరిగి చూడలా."