ఆడపడుచు తెచ్చిన భోజనం

"సిగ్గు లేదుటే నీకు? మన వంశంలో మొదటి నర్సువి! ఏడు నెలలకే పారిపోతావా?"

లోసలీన విసిరిన రాజీనామా ఉత్తరం చేమాకుల్లో చుట్టిన తిండి పొట్లాల మీద పడింది. చర్చి నుంచి వచ్చి, నేలలోని గుంతపొయ్యి తవ్వి తీసిన ఆదివారం భోజనం అది. పెద్ద చాప మీద దర్జాగా లోసలీన. ఆవిడకి ఎదురుగా తల ఎత్తని తమ్ముడు మనాసె. గుమ్మం పక్కన ఒదిగి అతని భార్య లెసియెలి. ఆమె వెనక, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిన కూతురు కలెసీత.

తొంగా దీవుల్లో ఆడపడుచు ముందు తమ్ముడి సంసారమంతా తల వంచాల్సిందే. వంచనీ! కానీ ఈవిడకి నర్సు పని గురించి ఏం తెలుసమ్మా? చర్చిలో "మా మేనకోడలు, మా మేనకోడలు" అని ఊదరగొట్టడం తప్ప! ఇరవై ఆరు మంచాలకి ఇద్దరు నర్సులున్న వార్డులో ఆ పిల్లకి నీళ్ళు తాగే తీరికైనా ఉండదని, ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే గోడకి జారబడి నిద్రపోతుందని ఏనాడైనా చూసిందా?

"నా మొగుడి ఆపరేషన్ నీ మూలాన ఆగిపోయింది! అయినా కడుపులో పెట్టుకున్నాను. ఇప్పుడు ఉద్యోగం మానేసి నా పరువు తీస్తావా? నేను బతికుండగా కుదరదు!"

కడుపులో పెట్టుకుందిట! లెసియెలికి ఒళ్ళు మండిపోయింది. గురువారం జరిగిందంతా ఆమె కళ్ళారా చూసింది మరి. ఇంకో గంటలో ఆపరేషన్ అనగా ఈ మహాతల్లి బుట్టెడు తిండితో మొగుడి మంచం దగ్గర ఊడిపడింది. ఆ బుట్ట మోసుకెళ్ళింది లెసియెలే!

"వద్దత్తయ్యా... మత్తుమందు ఇస్తారు, మామయ్య కడుపు ఖాళీగా ఉండాలి..." అని కలెసీత బతిమాలింది.

"నాకే వద్దని చెప్తావా?" అని ఒక్క చూపు చూసింది లోసలీన. పుట్టినప్పటి నుంచి ఆ చూపుకి వణికిన పిల్ల నోరు మూతపడిపోయింది. తర్వాత తనే పరుగెత్తి డాక్టరుకి "ఆయన తిన్నారు" అని చెప్పింది. "నీ కళ్ళముందు తింటుంటే గుడ్లప్పగించి చూశావా?" అని పెద్ద నర్సు వార్డంతా వినేలా దులిపేసినా అత్త పేరు చెప్పలేదు. ఆ అత్త పక్కనే నిలబడి విసనకర్రతో విసురుకుంటోంది! తలుపు చాటున లెసియెలి నోరు మెదపలేదు. తలుచుకుంటే ఆడపడుచు మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసిందామెకి.

"వదినా! ఆపరేషన్ ఆగింది మీ వల్ల!"

మనాసె చేతిలోంచి కంద ముక్క జారిపడింది.

"తినిపించింది మీరు. మోసుకెళ్ళింది నేను. తిట్లు తిన్నది నా కూతురు!"

"తమ్ముడూ! నీ పెళ్ళాం నోరు మూయిస్తావా? లేకపోతే నా శాపం తగిలి నీ కూతురికి పురుడు కష్టమవుతుంది!"

పెళ్ళే కాని పిల్లకి పురుటి శాపం! మనాసె మాత్రం చాప అల్లిక పరిశీలిస్తున్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా అదే చేస్తున్నాడు, మగమహారాజు!

లెసియెలి కూతురి వైపు తిరిగింది. "ఉంటావో మానేస్తావో నువ్వే చెప్పు తల్లీ. నిన్నెవరూ అడగలేదు... నేనూ అడగలేదు..."

"పనికి భయపడి కాదమ్మా!" కలెసీత వెక్కుతూ అంది. "ఎంత అలిసిపోయినా పొద్దున్నే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. కానీ అత్తయ్యకి వద్దని చెప్పలేనిదాన్ని, నేనేం నర్సునమ్మా? అందుకే ఆ ఉత్తరం..."

"చాల్లే నాటకాలు!" లోసలీన లేచి రెండు పొట్లాలు బుట్టలో పెట్టుకుంది. "రేపు పొద్దున్నే కోస్తారుట. ఖాళీ కడుపుతో ఎవడైనా కోయించుకుంటాడా? ముందే వెళ్ళి రెండు ముద్దలు పెట్టి పంపిస్తాను."

కలెసీత లేచింది. అత్త చేతిలోంచి బుట్ట తీసుకుంది!

"వద్దత్తయ్యా. ఇది ఇక్కడే ఉంటుంది. రేపు డ్యూటీ నాది. ఆపరేషన్ అయ్యేదాకా మీరు బయట బల్ల మీద కూర్చోండి. మామయ్యకి ఎప్పుడు ఏం పెట్టాలో నేను చెప్తాను. వార్డులో నా మాటే!"

"తమ్ముడూ..! చూస్తున్నావా?"

మనాసె చూడలేదు. అక్కకి ఎదురు చెప్పడం అతని వల్ల ఏనాడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు. తల వంచుకునే చెయ్యి చాచి, కూతురి చేతిలోని బుట్ట తన ముందుకి లాక్కున్నాడు. ఒక పొట్లం విప్పి తినడం మొదలుపెట్టాడు. అది అయిపోగానే, ఆకలి లేకపోయినా, రెండోది కూడా విప్పాడు.

లెసియెలి కళ్ళు తుడుచుకుంటూ లేచి, మొగుడి పక్కన మంచినీళ్ళు పెట్టింది.